తుఫాను నష్టానికి బీమా కంపెనీ తక్కువ కట్టినప్పుడు: మొత్తం మీద కాదు, పద్దు మీద అడగండి

మీరు రాసిన దాని సారాంశం ఇది. అమలాపురం దగ్గర మీ నాన్నగారి ఇల్లు. 2025 అక్టోబర్ 28 రాత్రి మొంథా తుఫాను నరసాపురం దగ్గర తీరం దాటినప్పుడు కొబ్బరిచెట్టు మేడ మీద పడి పిట్టగోడ కూలింది. పై గది రేకులు లేచిపోయాయి, సోలార్ పలకలు పగిలాయి, ప్రహరీ ఒక పక్క పడిపోయింది. వాన లోపలికి దిగి సీలింగు, వైరింగు పాడయ్యాయి. ఇంటి లోను తీసుకున్నప్పుడు బ్యాంకు ద్వారా వచ్చిన భారత్ గృహ రక్ష పాలసీ ఉంది, భవనానికి 24 లక్షలు. మేస్త్రి ఎస్టిమేటు 6,40,000. కంపెనీ ఇస్తానన్నది 2,10,000. ఓచరు మీద, అంటే ఆ డబ్బుకు ఒప్పుకుంటున్నట్టు రాసిచ్చే కాగితం మీద, సంతకం పెట్టి పంపమన్నారు. నాన్నగారేమో వచ్చిందే చాలు, పెట్టేద్దాం అంటున్నారు. మీరు బెంగళూరు నుంచి ఏం చేయగలరని అడిగారు.

ముందు నాన్నగారికి ఫోన్ చేసి ఆ ఓచరు మీద ఇవాళ సంతకం పెట్టవద్దని చెప్పండి. మిగతాది నిదానంగా చదవండి.

నేను లైసెన్సున్న సర్వేయర్‌గా చాలాకాలం కంపెనీల తరఫున నష్టాలు అంచనా వేశాను. 2014 హుద్‌హుద్ తర్వాత విశాఖలోనూ, ఆ తర్వాత వచ్చిన తుఫాన్లలోనూ చూసిన విషయం ఒక్కటే. తక్కువ కట్టారని పాలసీదారు మొత్తం మీద పోట్లాడతాడు. "మాకు ఆరు లక్షలు పోయాయి, మీరు రెండే ఇచ్చారు, ఇది అన్యాయం" అని రాస్తాడు. కంపెనీ ఆఫీసులో ఆ ఉత్తరానికి జవాబు రాయడం చాలా తేలిక: "సర్వేయర్ నివేదిక ప్రకారం పరిష్కరించాం." అంతటితో ఫైలు మూస్తారు. అదే మనిషి "నివేదికలో నాలుగో పద్దులో ప్రహరీని ఏ క్లాజు కింద తీసేశారు?" అని అడిగితే ఆ ప్రశ్నకు ఎవరో ఒకరు పాలసీ తెరిచి జవాబు రాయాలి. తప్పు ఉంటే అక్కడే బయటపడుతుంది.

అందుకే మొదటి పని సర్వేయర్ నివేదిక తెప్పించుకోవడం. మీకు వచ్చిన ఉత్తరం కాదు, అసలు నివేదిక, దాని వెనక ఉండే కొలతల కాగితాలతో సహా. సర్వేయర్లకు బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ పెట్టిన 2015 నిబంధనల ప్రకారం నివేదిక ప్రతిని పాలసీదారుకు ఇవ్వాలి, అంచనాకు ఆయన సమ్మతించారో లేదో కూడా అందులో రాయాలి. నాన్నగారిని ఆ సంగతి అడిగారా? అడగకుండానే "సమ్మతించారు" అని ఉంటే అదే మీ మొదటి అభ్యంతరం. నివేదిక కోసం మెయిల్ పంపండి, నాన్నగారి పేరుతో, క్లెయిము నంబరుతో. ఫోన్‌లో అడిగినది అడిగినట్టు కాదు.

మీరు పంపిన ఉత్తరంలోని లెక్క చూశాను. ఎస్టిమేటు 6,40,000 లోంచి సర్వేయర్ ఒప్పుకున్నది 4,10,000. అందులోంచి తరుగు (వస్తువు పాతబడినందుకు తగ్గించే విలువ) 50,000 తీశారు, మిగిలింది 3,60,000. ఇంటి విలువ 40 లక్షలు కాగా చేయించింది 24 లక్షలే కనుక 60 శాతమే ఇస్తామని 2,16,000 చేశారు. సాల్వేజీ, అంటే మిగిలిన విరిగిన సామాను విలువ, కింద 6,000 తీసి 2,10,000. అంటే కోతలు నాలుగు రకాలు. నాలుగూ ఒకేలాంటివి కావు, వాటికి జవాబులూ ఒకేలా ఉండవు.

అన్నిటికన్నా పెద్దది, అన్నిటికన్నా బలహీనమైనది ఆ 60 శాతం కోత. 1,44,000 దాంట్లోనే పోయింది. దీన్ని అండర్ ఇన్సూరెన్స్ అంటారు, యావరేజ్ క్లాజు అని కూడా అంటారు. పాత పాలసీల్లో, వ్యాపార ఆస్తుల పాలసీల్లో ఇది సర్వసాధారణం: విలువలో ఎంత భాగానికి బీమా చేయిస్తే నష్టంలోనూ అంతే భాగం ఇస్తారు. కానీ 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన భారత్ గృహ రక్షలో ఈ కోత లేదు. ఇళ్లకోసం ఐఆర్‌డీఏఐ తెచ్చిన ఈ ప్రామాణిక పాలసీలో అండర్ ఇన్సూరెన్స్‌ను పూర్తిగా మాఫీ చేశారు. నష్టం బీమా మొత్తానికి లోపు ఉన్నంతవరకు, ఇంటి విలువ ఎక్కువ ఉందన్న కారణంతో దామాషా కోత వేయకూడదు. మీ నష్టం నాలుగైదు లక్షలు, బీమా 24 లక్షలు. ఈ పద్దులో కంపెనీ నిలబడటానికి చోటు లేదు. సర్వేయర్లలో కొందరు పాత ఫైర్ పాలసీ అలవాటుతో ఈ లెక్క వేసేస్తారు, ఆఫీసులో పైవాళ్లు సరిచూడకుండా దాటించేస్తారు.

ఒక్క జాగ్రత్త. ప్రపోజల్ ఫారంలో, అంటే పాలసీ కోసం నింపిన దరఖాస్తులో, ఇంటి కార్పెట్ ఏరియా (గోడలు పోను లోపలి నేల విస్తీర్ణం) ఎంత రాశారో చూడండి. ఈ పాలసీలో కార్పెట్ ఏరియాను నిర్మాణ ఖర్చు రేటుతో హెచ్చించి బీమా మొత్తాన్ని లెక్కకడతారు. పై గది తర్వాత కట్టుకుని చెప్పకపోతే, లేదా విస్తీర్ణం తగ్గించి రాసి ఉంటే, కంపెనీ వేరే వాదన తెస్తుంది. ఆ 40 లక్షలు ఎలా వచ్చాయో కూడా అడగండి. స్థలం ధర కలిపిన మార్కెట్ విలువ వేసేసిన నివేదికలు చూశాను. బీమా స్థలానికి కాదు, కట్టడానికి.

రెండోది తరుగు, 50,000. రేకులు పాతవి, సోలార్ పలకలు పాతవి అని తీసి ఉంటారు. మార్కెట్ విలువ మీద తీసుకున్న పాలసీ అయితే తరుగు న్యాయమే. గృహ రక్షలో భవనానికి బీమా మొత్తమే కొత్తగా కట్టడానికయ్యే ఖర్చు మీద లెక్కిస్తారు, ప్రీమియమూ దాని మీదే తీసుకుంటారు. కొత్తదాని ధర మీద ప్రీమియం తీసుకుని, పాతదాని ధర మీద నష్టం ఇస్తామంటే ఏ క్లాజు కింద అని అడిగే హక్కు మీకుంది. ప్రశ్న ఒక్క వాక్యంలో రాయండి: "తరుగు తీసిన పద్దులు ఏవి, ఒక్కోదానికి ఎంత శాతం, పాలసీలోని ఏ నిబంధన ప్రకారం?"

మూడోది, ఎస్టిమేటులోంచి అసలు ఒప్పుకోనివి. మీ ఉత్తరం ప్రకారం ప్రహరీ 85,000 "భవనంలో భాగం కాదు" అని కొట్టేశారు. గృహ రక్ష పాలసీ పాఠంలో ఇంటి భవనం అంటే గోడలు, కప్పు మాత్రమే కాదు. అదే ఆవరణలో ఇంటికోసం వాడే ప్రహరీ, గేటు, కంచె, వరండా, వాహనాల షెడ్డు, నీళ్ల ట్యాంకు, సెప్టిక్ ట్యాంకు, సోలార్ పలకలు అదనపు కట్టడాల పేరుతో అందులోనే చేరతాయి. పాలసీ పుస్తకంలో నిర్వచనాల పేజీ తీసి ఆ వాక్యం కింద గీత గీసి జత చేయండి. పాలసీ షెడ్యూలులో, అంటే మీ పాలసీ వివరాలుండే పేజీలో, ప్రహరీని ప్రత్యేకంగా మినహాయించారేమో మాత్రం ముందే చూసుకోండి.

మిగిలిన 1,45,000 తేడా కొలతల్లోనూ రేట్లలోనూ ఉంది. ఇక్కడ మాత్రం నేను మీ వైపే పూర్తిగా మాట్లాడలేను, ఎందుకంటే మీరు పంపిన మేస్త్రి ఎస్టిమేటు ఒక్క పేజీ కాగితం. "పైన రిపేరు మొత్తం, సామానుతో" అని ఒక అంకె. సర్వేయర్ దాన్ని పక్కన పెట్టి తన కొలతలు వేసుకున్నాడంటే తప్పు పట్టలేం. ఒక సివిల్ ఇంజినీరును, వీలైతే చార్టర్డ్ ఇంజినీరును, ఇంటికి పిలిపించి పద్దులవారీ ఎస్టిమేటు రాయించండి. ఇటుకపని ఎన్ని ఘనపు మీటర్లు, ప్లాస్టరింగు ఎన్ని చదరపు మీటర్లు, రేకులు ఏ మందం, ఎంత విస్తీర్ణం, కింద ఇనుప పైపులు ఎన్ని మీటర్లు, హుక్ బోల్టులు, సారవ కట్టడం, కూలిన భాగం పగలగొట్టి ఎత్తిపోయడం, రవాణా, జీఎస్‌టీ. ప్రతి పద్దుకూ పరిమాణం, రేటు, మొత్తం. రేట్లకు ఎస్‌ఎస్‌ఆర్, అంటే నిర్మాణ పనులకు ప్రభుత్వం పెట్టిన రేట్ల జాబితా, ఒక ఆధారం, స్థానిక కొట్టు కొటేషన్ మరో ఆధారం. తుఫాను వెళ్లిన నెలలో కోనసీమలో తాపీమేస్త్రి కూలీ, రేకుల ధర ఎస్‌ఎస్‌ఆర్‌లో ఉన్నట్టు ఉండవని అందరికీ తెలుసు. దాన్ని తెలిసిన విషయంగా వదిలేయకుండా రెండు కొటేషన్లతో కాగితం మీద పెట్టాలి.

కొలతల్లో సర్వేయర్లు సాధారణంగా తగ్గించే చోట్లు చెబుతాను, నివేదికలో వెతకండి. పిట్టగోడ పడిన పొడవే కొలుస్తారు. చెట్టు దెబ్బకు పక్కన బీటలు వారిన భాగాన్ని కూడా తీసేసి కట్టాలి, లేకపోతే కొత్త ఇటుక పాత గోడకు పట్టదు. గదిలో తడిసిన మరక ఎంత ఉందో అంతే పెయింటు రాస్తారు. గోడకు మూల నుంచి మూల దాకా వేయకుండా మధ్యలో ముక్క వేసే పెయింటరు ఎక్కడా ఉండడు. వైరింగులో కాలిన స్విచ్చుబోర్డు ఒక్కటే రాస్తారు, పైపులో నీళ్లు నిలిచిన వైరు మార్చాలని రాయరు. ఆ వైరును ఎలక్ట్రీషియన్ మెగ్గరుతో (వైరు ఇన్సులేషన్ చూసే మీటరుతో) పరీక్షించి ఇచ్చిన రెండు వాక్యాల చీటీ మీ తరఫున గట్టి సాక్ష్యం. స్లాబు మీద చెట్టు పడింది కాబట్టి స్లాబు అడుగున బీటలు ఉన్నాయా అని ఇంజినీరు చేత తప్పకుండా చూపించండి. డబ్బు మాట అలా ఉంచి, ఆ గది కింద మీ అమ్మా నాన్నా పడుకుంటున్నారు.

పని మొదలుపెట్టాక లోపల మరింత నష్టం బయటపడితే ఆ క్షణమే పని ఆపి ఫొటోలు తీసి, "అదనపు నష్టం కనిపించింది, మళ్లీ తనిఖీ చేయండి" అని మెయిల్ పంపండి. ఒకటి రెండు రోజులు చూసి, జవాబు రాకపోతే ఆ విషయం కూడా రాసి పని సాగించండి. కప్పేసి ప్లాస్టరు చేశాక అడిగితే ఎవరూ నమ్మరు.

వాన నీటి విషయంలో ఒక వాదన రావచ్చు: ఇది పాత లీకేజీ, తుఫాను నష్టం కాదు అని. పాత ఉరుపు, క్రమంగా వచ్చిన అరుగుదల పాలసీలో ఉండవన్నది నిజమే. అందుకే వరుస చూపించాలి. గాలికి రేకులు లేచాయి, ఆ దారిన వాన దిగింది, దాని కిందే సీలింగు పడింది. లేచిన రేకుల ఫొటో, కింద తడిసిన సీలింగు ఫొటో పక్కపక్కన పెడితే చాలా మాటలు తప్పుతాయి. ఆ రాత్రి గాలి, వర్షపాతం లెక్కలు వాతావరణ శాఖ బులెటిన్లలో ఉంటాయి, మీ మండలానికి దగ్గరి కేంద్రానివి జత చేయండి. గ్రామ సచివాలయం వాళ్లు నష్టం నమోదు చేసుకుని ఉంటే ఆ కాగితం ప్రతి కూడా. విరిగిన రేకులు, వంగిన బోల్టులు పాత ఇనుము వాడికి ఇచ్చేయకుండా కొన్నాళ్లు ఉంచండి. సాల్వేజీ 6,000 తీశారు కదా, ఆ సామాను మీకే వదిలారని అర్థం. దాని మీద గొడవ పెట్టుకోవద్దు, అది సబబే.

ఇంకొన్ని పద్దులు మీరు అడగనే లేదు. చెట్టు కోసి తీయించడానికి, శిథిలాలు ఎత్తిపోయడానికి క్లెయిము మొత్తంలో 2 శాతం దాకా, తిరిగి కట్టడానికి ఇంజినీరు, ఆర్కిటెక్టు ఫీజులకు 5 శాతం దాకా ఈ పాలసీ ఇస్తుంది. పై గది అద్దెకు ఇచ్చి ఉంటే, లేదా ఇల్లు ఉండటానికి పనికిరాక నాన్నగారు బయట అద్దెకు ఉంటే, అద్దె పద్దు కూడా చూడండి. ఇక పాలసీ షెడ్యూలులో భవనంతో పాటు ఇంటి వస్తువులకూ కవరు ఉందేమో చూడండి. ఉంటే జాబితా ఇవ్వకపోయినా సాధారణ వస్తువులకు భవనం బీమాలో 20 శాతం, గరిష్ఠంగా 10 లక్షలు వర్తిస్తుంది. మీ లెక్కన 4,80,000. తడిసిన మంచం, పరుపు, ఇన్వర్టరు, టీవీ అందులోకి వస్తాయి. మీ క్లెయిములో అవేవీ కనబడలేదు.

అలాగని ఎస్టిమేటు పెంచి రాయించవద్దు. "ఎలాగూ సగం కోస్తారు, రెండింతలు రాద్దాం" అనే సలహా ఊళ్లో పదిమంది ఇస్తారు. ఒక్క దొంగ బిల్లు దొరికితే మోసం క్లాజు కింద మొత్తం క్లెయిము పోతుంది, నిజమైన నష్టంతో సహా. ఇరవై, ముప్పై శాతం వాటా అడిగి "నేను ఇప్పిస్తాను" అనే మధ్యవర్తులూ తుఫాను వెనకే వస్తారు. వాళ్లు చేసే పని ఇంజినీరు ఎస్టిమేటు, రెండు మంచి ఉత్తరాలు చేయగలవు.

ఇప్పుడు ఓచరు సంగతి. అందులో "పూర్తి, తుది పరిష్కారంగా స్వీకరించాను" అని ఉంటుంది. సంతకం పెట్టినంత మాత్రాన దారి మూసుకుపోదని సుప్రీంకోర్టు 1999లోనే యునైటెడ్ ఇండియా ఇన్సూరెన్స్, అజ్మీర్ సింగ్ కాటన్ మిల్స్ కేసులో చెప్పింది. అయితే మోసంతోనో, తప్పుడు మాటలతోనో, ఒత్తిడితోనో సంతకం తీసుకున్నారని పాలసీదారు చూపించాలి. ఓచర్లను పాలసీదారుల నోరు మూయించడానికి వాడకూడదని 2015 సెప్టెంబరులో ఐఆర్‌డీఏఐ కూడా కంపెనీలకు రాసింది. కానీ సంతకం పెట్టి, డబ్బు తీసుకుని, నెలల తర్వాత గుర్తొచ్చినట్టు ఫిర్యాదు చేస్తే ఒత్తిడి ఉందని ఎవరు నమ్ముతారు? నాన్నగారికి పని ఆగకుండా డబ్బు కావాలంటే, వివాదం లేని మొత్తాన్ని విడుదల చేయమని అడగండి. ఓచరు లేకుండా ఇవ్వబోమని వాళ్లంటే, "అభ్యంతరాలకు లోబడి, పాక్షిక చెల్లింపుగా మాత్రమే స్వీకరిస్తున్నాను" అని ఓచరు మీదే చేత్తో రాసి సంతకం పెట్టించండి, ఫొటో తీయండి, అదే రోజు అదే మాట మెయిల్‌లో పంపండి. ఆ రాత కొట్టేసి మళ్లీ పంపమంటే, ఆ అడిగిన మెయిలే మీకు సాక్ష్యం.

సర్వేయర్ చెప్పిందే వేదమని కంపెనీ అంటే దానికీ జవాబుంది. న్యూ ఇండియా అష్యూరెన్స్, ప్రదీప్ కుమార్ కేసులో 2009లో సుప్రీంకోర్టు సర్వేయర్ నివేదిక అవసరమే గానీ అదే చివరి మాట కాదంది. సర్వేయర్ల గురించి చెప్పే బీమా చట్టం 64యూఎం సెక్షనే, ఆయన అంచనాకు భిన్నమైన మొత్తం చెల్లించే అధికారం కంపెనీకి ఉంచింది. కాబట్టి "మా చేతుల్లో లేదు" అన్న మాట సరికాదు.

మెట్లు ఇలా వెళ్లండి. నివేదిక చేతికి రాగానే పద్దులవారీ అభ్యంతరాలు కంపెనీలో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ అధికారికి పంపండి. ఒక పట్టిక చాలు: పద్దు, మీ అంకె, వాళ్ల అంకె, తేడాకు కారణం, జత చేసిన కాగితం నంబరు. దాన్నే ఐఆర్‌డీఏఐ బీమా భరోసా పోర్టల్‌లో కూడా నమోదు చేయండి, 155255 నంబరుకు ఫోన్ చేసినా తీసుకుంటారు. 2024 నుంచి ఉన్న గడువులు కూడా పట్టికలో పెట్టండి. క్లెయిము చెప్పిన 24 గంటల్లో సర్వేయర్‌ను వేయాలి, ఆయన 15 రోజుల్లో నివేదిక ఇవ్వాలి, అది అందిన 7 రోజుల్లో కంపెనీ నిర్ణయం చెప్పాలి. మీ తేదీలు పక్కన రాస్తే ఆలస్యం ఎవరిదో కనబడుతుంది.

నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా బీమా ఫిర్యాదులపై తీర్పు చెప్పే అధికారి, హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లవచ్చు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, యానాం ఆయన పరిధి. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు, ఆన్‌లైన్‌లో వేయొచ్చు. పరిమితి 50 లక్షలు. కంపెనీ తుది జవాబు వచ్చిన ఏడాదిలోపు వేయాలి. అంబుడ్స్‌మన్ తీర్పు కంపెనీని కట్టేస్తుంది, మిమ్మల్ని కట్టేయదు. నచ్చకపోతే వినియోగదారుల కమిషన్ ఉండనే ఉంది. రెండుచోట్లా ఒకేసారి మాత్రం కుదరదు. మీ కేసు లాంటిదానికి, అంటే పాలసీ పాఠమే మీ వైపు ఉన్నదానికి, నేను అంబుడ్స్‌మన్‌నే ముందు ఎంచుకుంటాను.

కమిషన్‌కు వెళ్లాల్సి వస్తే, కారణం ఏర్పడిన రెండేళ్లలోపు వేయాలి. నాన్నగారు ఉండే జిల్లాలోనే వేయవచ్చు. 2019 చట్టం ప్రకారం ఏ స్థాయి కమిషన్ అన్నది మీరు అడిగే నష్టాన్ని బట్టి కాక చెల్లించిన ప్రీమియాన్ని బట్టి ఉంటుంది, అందుకే ఇంటి పాలసీలు దాదాపు అన్నీ జిల్లా కమిషన్‌కే వస్తాయి. స్లాబు నష్టంలాంటి సాంకేతిక గొడవ పెద్దదై, ఇంజినీరును సాక్షిగా ప్రశ్నించాల్సి వస్తే అప్పుడు ఇదే సరైన చోటు.

చివరిగా బ్యాంకు. లోను ఇంకా ఉంది కాబట్టి పాలసీలో బ్యాంకు క్లాజు ఉంటుంది, చెక్కు నేరుగా లోను ఖాతాకు పోవచ్చు. మరమ్మతుకు వాడుకోవడానికి మొత్తాన్ని నాన్నగారి ఖాతాకు విడుదల చేయడానికి అభ్యంతరం లేదని బ్రాంచి మేనేజరు దగ్గర ఇప్పుడే ఉత్తరం తీసుకోండి. కంపెనీ ఒప్పుకున్న రోజున ఈ ఒక్క కాగితం లేక వారాలు ఆగిపోయిన ఫైళ్లు చూశాను. బ్రాంచికి వెళ్లినప్పుడే, అప్పట్లో సంతకం చేసిన ప్రపోజల్ ఫారం ప్రతి కూడా అడగండి. కార్పెట్ ఏరియా ఎంత రాశారో తేల్చేది ఆ కాగితమే.

లెక్క ఒకసారి వేస్తాను. సర్వేయర్ తానే ఒప్పుకున్న 4,10,000కి అండర్ ఇన్సూరెన్స్ కోత తీసేసి, తరుగును అలాగే ఉంచినా, సాల్వేజీ పోను 3,54,000 రావాలి. ప్రహరీ చేరితే 4,39,000. తరుగు కూడా పోతే 4,89,000. వస్తువులు, శిథిలాల ఖర్చు దీనికి బయట. కొలతల తేడా మీద ఎంత వస్తుందో ఇంజినీరు ఎస్టిమేటు చూడకుండా నేను చెప్పలేను, కానీ నాన్నగారు సంతకం పెడదామంటున్న 2,10,000 పక్కన ఈ అంకెలు రాసి ఆయనకు చూపించండి.